జాతీయ జలాభివృద్ధి సంస్థ - కృష్ణా పశ్చిమ డెల్టా

నదుల అనుసంధానానికి అధ్యయనాలు చేసి ప్రణాళికలు రూపొందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1980 నాటి జాతీయ దృక్పథ ప్రణాళికను ముందుకు తీసుకెళ్లేందుకు 1982 జూలైలో ఏర్పడింది. కేంద్ర కార్యాలయం న్యూఢిల్లీలో ఉంది. నదిలో ఎంత నీరుంది, అందులో పరీవాహక ప్రాంత అవసరాలు పోగా ఎంత మిగులుతుంది అన్నది లెక్కగట్టి, సాధ్యాసాధ్యాల నివేదికలు, సవివర ప్రాజెక్టు నివేదికలు తయారుచేస్తుంది. నీటి వాటాలు తేల్చే అధికారం దానికి లేదు. ఆ పని ట్రైబ్యునళ్లది.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలకు ఈ లెక్కలు బతుకుతెరువుతో ముడిపడినవి. ఈ ప్రాంతాలు కృష్ణపై ఉన్న ప్రకాశం బ్యారేజీ కుడి వైపు కాలువల కింది ఆయకట్టు. తెనాలి ఊరి మధ్యనుంచే కాలువలు పారుతాయి. బాపట్ల, రేపల్లె వైపు పొలాలు సముద్రానికి దగ్గర, కాలువలకు చివర. ఎగువన నీరు తగ్గితే మొదట ఎండేది ఈ చివరి భూములే. అందుకే కృష్ణా డెల్టా మొత్తానికి కృష్ణా జలాల బచావత్ ట్రైబ్యునల్ లెక్కలో చూపిన 181.2 టీఎంసీలు కాగితం మీద ఉంటే చాలదు, నాట్లకు వేళకు అందాలి.

సంస్థ అధ్యయనం చేసిన ద్వీపకల్ప అనుసంధానాల్లో గోదావరి నీటిని కృష్ణకు తెచ్చే పోలవరం-విజయవాడ ఒకటి. 1980 గోదావరి ట్రైబ్యునల్ తీర్పు ఈ మార్గంలో 80 టీఎంసీల మళ్లింపునకు వీలు కల్పించింది. పోలవరం ప్రాజెక్టు పూర్తికాకముందే, 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీటిని పోలవరం కుడి కాలువ ద్వారా కృష్ణకు చేర్చింది.