పెంపుడు తాబేళ్ల జబ్బులు: కెనడా ఇళ్లలో గుర్తింపు, చికిత్స

పెంపుడు తాబేళ్ల జబ్బులు చాలావరకు తొట్టిలోనే పుడతాయి. కంటి వాపు, న్యుమోనియా, ఎముకల మెత్తదనం, డిప్ప కుళ్లు వంటివి ఎక్కువగా చల్లని నీళ్లు, చాలీచాలని వెలుతురు, రోజూ ఒకే రకం మేత, మార్చని మురికినీరు కలిసి తెచ్చిపెట్టేవే. కెనడాలో ఈ లోపాలు మరింత త్వరగా బయటపడతాయి. చలికాలమంతా హీటర్లు నడిచినా అక్కడి ఇళ్లలో గది వేడి 20, 21 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. ఆ వేడి మనుషులకు చాలు గానీ తాబేలుకు చాలదు. తాబేలు ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటిని, గాలిని బట్టే ఉంటుంది కాబట్టి చలిలో దాని అరుగుదలతో పాటు రోగనిరోధక శక్తీ మందగిస్తుంది.

కెనడాలో ఎక్కువగా పెంచేది రెడ్‌ఇయర్డ్ స్లైడర్ అనే నీటితాబేలు. కళ్ల వెనక ఎర్రని చార ఉండే ఈ జాతిది అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. రష్యన్, గ్రీక్, సల్కాటా జాతుల నేలతాబేళ్లు కూడా ఇళ్లలో కనిపిస్తాయి. పిల్లలకు సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి సోకుతోందని కెనడా ప్రభుత్వం 1975లో తాబేళ్ల దిగుమతిని నిషేధించింది. జంతు ప్రదర్శనశాలలు, పరిశోధన సంస్థల వంటి వాటికే అనుమతి ఇస్తుంది. దాంతో ఇళ్లలో ఉన్నవి చాలావరకు దేశంలోనే పుట్టినవి, లేదా చేతులు మారుతూ వచ్చినవి. ముప్ఫై ఏళ్లకు పైగా బతకగల ఈ జంతువు కొత్త యజమాని దగ్గరికి చేరేసరికి, అంతకుముందు ఏం తిన్నదో, ఏ జబ్బు చేసిందో చెప్పేవారు ఉండరు. వైద్యుడికి ఇదే పెద్ద చిక్కు. ఒంటారియోలోని ఎనిమిది స్థానిక జాతులకు చట్టరక్షణ ఉంది, వాటిని పట్టి తెచ్చి పెంచకూడదు. తెలుగు ప్రాంతాల్లో కనిపించే నక్షత్ర తాబేలును కూడా, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం 2019లో అత్యంత కఠినమైన జాబితాలోకి చేర్చింది.

తాబేలు తన జబ్బును చాలాకాలం బయటపడనివ్వదు. మేత మానేయడం, ఎండకాచుకునే బల్ల ఎక్కకపోవడం లేదా దానిమీద నుంచి దిగకపోవడం, ముట్టుకున్నా కాళ్లు, తల చురుగ్గా లోపలికి లాక్కోకపోవడం తొలి గుర్తులు. వీటికన్నా ముందే పసిగట్టేది వంటింటి త్రాసు. వారానికోసారి గ్రాముల్లో తూచి రాసిపెట్టుకుంటే, కంటికి తెలియని తగ్గుదల కాగితం మీద తెలుస్తుంది.

కంటి వాపు పిల్ల స్లైడర్లలో బాగా కనిపిస్తుంది. రెప్పలు ఉబ్బి మూసుకుపోతాయి. కళ్లు కనపడక మేత వెతుక్కోలేదు, తినకపోవడంతో ఇంకా నీరసిస్తుంది. చాలాసార్లు దీనికి కారణం విటమిన్ ఎ లోపం. గుడ్డులోంచి తెచ్చుకున్న నిల్వ కొన్ని నెలల్లో అయిపోతుంది. ఆపైన ఎండురొయ్యలు, ఐస్‌బర్గ్ లెట్యూస్, మాంసం ముక్కలతోనే సరిపెడితే కళ్ల గ్రంథుల్లో, ముక్కులో, చెవిగొట్టంలో లోపలి పొర మందమై గట్టిపడుతుంది. ఆ దారులు పూడుకుపోయి సూక్ష్మజీవులు చేరతాయి. చెవి చీము కూడా ఇలాగే వస్తుంది. తలకు ఒక పక్కనో రెండు పక్కలా దవడ వెనక నున్నని బుడిపె లేస్తుంది. సరీసృపాల చీము నీళ్లలా కారదు, గట్టిపడిన జున్నుముక్కలా ఉండిపోతుంది. అందుకే మాత్రలతో కరగదు. మత్తిచ్చి, కర్ణభేరి పొరను కోసి, ఆ గడ్డను మొత్తంగా బయటికి తీసి, గాయం లోపలి నుంచి మానేలా రోజూ కడగాలి. విటమిన్ ఎ ఇంజెక్షన్ వైద్యుడు తూకం చూసి ఇవ్వవలసిందే. మోతాదు మించితే చర్మం పొరలుపొరలుగా ఊడి పచ్చిపుండవుతుంది. ఇంట్లో చేయగలిగినదీ, చేయవలసినదీ మేత మార్పు: మంచి తాబేలు గుళికలు, ఆవాల ఆకు, డాండెలియన్ ఆకు, కాస్త క్యారెట్.

న్యుమోనియా శీతాకాలపు జబ్బు. తొట్టి హీటరు పాడైనా, కిటికీ పక్కన తొట్టి పెట్టినా, కరెంటు పోయినా రెండు వారాల్లో లక్షణాలు కనిపించవచ్చు. ముక్కు దగ్గర బుడగలు వస్తాయి, మెడ చాచి నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంది, ఊపిరిలో చిన్న కూత వినిపిస్తుంది. ఈదేటప్పుడు ఒక పక్కకు ఒరిగిపోవడం మరింత ప్రమాద సూచన, ఎందుకంటే ద్రవం చేరిన ఊపిరితిత్తి బరువెక్కి ఆ పక్క కిందికి లాగుతుంది. పేగుల్లో గాలి చేరినా ఇలాగే ఒరుగుతుంది కాబట్టి ఎక్స్‌రే తీయకుండా తేల్చలేరు. తాబేలుకు మనకున్నట్టు ఉదరవితానం లేదు, దగ్గి కఫాన్ని బయటికి నెట్టలేదు, అందుకే ఈ జబ్బు దానంతటది తగ్గడం అరుదు. సెఫ్టాజిడైమ్ వంటి యాంటీబయాటిక్‌ను సాధారణంగా మూడు రోజులకొక ఇంజెక్షన్ చొప్పున వారాల తరబడి ఇస్తారు. వెనక కాళ్ల రక్తం మూత్రపిండాల మీదుగా పోయే అవకాశం ఉంది కాబట్టి ముందు కాలికే వేస్తారు. నీటి వేడిని ఆ జాతికి తగిన పై హద్దుకు చేర్చకపోతే ఆ మందు కూడా సరిగా పనిచేయదు. స్లైడర్లకు మామూలుగా నీరు 24 నుంచి 27 డిగ్రీల మధ్య, ఎండకాచుకునే చోటు 30 డిగ్రీల పైన ఉండాలి.

ఎముకల మెత్తదనం కాంతి కొరతతో వచ్చేది. అతినీలలోహిత బి కిరణాలు లేకపోతే ఒంట్లో విటమిన్ డి తయారవదు, అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టదు. ఎడ్మంటన్ నగరమంత ఉత్తరాన అక్టోబరు నుంచి మార్చి దాకా బయటి ఎండలో కూడా ఆ కిరణాలు చాలినంత ఉండవు. కిటికీ అద్దం ఏ కాలంలోనైనా వాటిని అడ్డుకుంటుంది. డిప్ప నొక్కితే వంగడం, అంచులు పైకి తిరగడం, కాళ్లు ఈడ్చడం దీని లక్షణాలు. కాల్షియం, విటమిన్ డి వైద్యుడి లెక్క ప్రకారం ఇవ్వాలి, సరైన దీపం పెట్టాలి. దీపం వెలుగుతున్నా కొన్ని నెలలకు దాని అతినీలలోహిత బలం తగ్గిపోతుంది కాబట్టి తయారీదారు చెప్పిన గడువుకు, ఎక్కువ రకాలకు ఆరు నెలల నుంచి ఏడాదిలోపు, మార్చాలి. వంగిన డిప్ప మళ్లీ పూర్వరూపానికి రాదు, ముదరకుండా ఆపగలం.

డిప్ప మీద పలుచని, పారదర్శకమైన పెంకులు ఊడటం నీటితాబేళ్లలో ఎదుగుదలలో భాగమే. దాన్ని జబ్బని పీకకూడదు. కుళ్లు వేరు. పెంకు కింద మెత్తబడి, గుంటపడి, వాసన వస్తుంది, నొక్కితే ద్రవం ఊరవచ్చు. చచ్చిన భాగాన్ని వైద్యుడు గీకి తీసేశాక పలుచన చేసిన క్లోర్‌హెక్సిడిన్‌తో కడిగి, సిల్వర్ సల్ఫాడయజీన్ పూసి, రోజులో కొన్ని గంటలు వెచ్చని పొడిచోట ఉంచుతారు. చర్మం మీద, అడుగు డిప్ప మీద ఎర్రని మచ్చలు కనిపిస్తే జబ్బు రక్తంలోకి పాకిందేమోనని అనుమానించి ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆడ తాబేలు మగతోడు లేకుండానే గుడ్లు పెడుతుంది. తవ్వుకోవడానికి మట్టి లేకపోతే గుడ్లు లోపలే నిలిచిపోవచ్చు. అశాంతిగా తిరుగుతూ, వెనక కాళ్లతో తవ్వుతూ, మేత మానేసిన తాబేలుకు ఎక్స్‌రే తీయాలి. కాల్షియం తర్వాత ఆక్సిటోసిన్ అనే హార్మోన్ ఇస్తే చాలా తాబేళ్లు గుడ్లు పెట్టేస్తాయి, లేదంటే శస్త్రచికిత్స. తొట్టిలో వేసిన సన్న గులకరాళ్లు మింగి పేగులు అడ్డుపడటం మరో ప్రమాదం, నోట్లో పట్టనంత పెద్ద రాళ్లే వేయాలి. నులిపురుగులకు మలపరీక్ష చేసి ఫెన్‌బెండజోల్ ఇస్తారు. కుక్కలకు, పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ మాత్రం తాబేళ్లకు ప్రాణాంతకం, ఏ మోతాదులోనూ ఇవ్వకూడదు.

కెనడాలో 2018 డిసెంబరు 1 నుంచి వైద్యపరంగా ముఖ్యమైన యాంటీబయాటిక్‌లను జంతువులకు కూడా పశువైద్యుడి చీటీ మీదే కొనాలి. సరీసృపాలు చూసే పశువైద్యులు ప్రతి ఊళ్లో దొరకరు. గ్వెల్ఫ్‌లోని ఒంటారియో వెటర్నరీ కాలేజీ, మాంట్రియల్ విశ్వవిద్యాలయం వారి సెయింట్ హయాసింత్ పశువైద్య విభాగం ఇలాంటి జంతువులకు పేరున్న చోట్లు. పీటర్‌బరోలో 2002లో మొదలైన తాబేళ్ల సంరక్షణ కేంద్రం వాహనాల కింద పడ్డ అడవి తాబేళ్లకు చికిత్స చేసేది, పెంపుడు తాబేళ్ల కోసం పెట్టింది కాదు. మైనస్ 20 డిగ్రీల చలిలో ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు తాబేలును నీళ్లు లేకుండా, తడిబట్టతో, గాలి ఆడే థర్మోకోల్ పెట్టెలో పెట్టి, వేడిసంచిని బట్టలో చుట్టి ఒక పక్కనే ఉంచాలి. కారును ముందే వెచ్చబెట్టాలి. జబ్బుచేసిన తాబేలును శీతనిద్రకు పంపకూడదు.

కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఆ కాలంలో దాన్ని విడి తొట్టిలో ఉంచి, వల, సైఫను వేరుగా వాడాలి. ఆరోగ్యంగా కనిపించే తాబేలు మలంలోనూ సాల్మొనెల్లా ఉండవచ్చు, మందులతో దాన్ని పూర్తిగా పోగొట్టలేరు. అందుచేత తాబేలును, తొట్టి నీటిని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, తొట్టిని వంటగది సింకులో కడగకూడదు, ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో తాబేలును పెంచకపోవడమే మేలు.