జిర్కాన్, ఆమ్లం, రాతి వయసు: ఒక పద్ధతి చరిత్ర

శాసనాలు, నాణేలు, తాళపత్రాలు చరిత్రకు ఆధారాలని మీకు తెలుసు. మనిషి పుట్టకముందు కాలానికి రాళ్లే ఆధారాలు. పొందూరు ప్రాంతం తూర్పు కనుమల శిలామండలంలోనిది. ఇక్కడి కొండల్లోని ఖొండలైట్, చార్నొకైట్ శిలల్లో జిర్కాన్ అనే ఖనిజం సన్నని రేణువులుగా ఉంటుంది. కొండలు అరిగినప్పుడు ఈ రేణువులు నీటితో కొట్టుకువచ్చి శ్రీకాకుళం తీరపు ఇసుకలో చేరాయి. రాతి వయసు లెక్కకట్టడానికి శాస్త్రవేత్తలు ఎక్కువగా నమ్ముకున్నది ఈ ఖనిజాన్నే.

1. ఒకే రేణువులో రెండు గడియారాలు

జిర్కాన్ స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియాన్ని తనలో చేర్చుకుంటుంది. సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి తరువాత అందులో కనిపించే సీసం చాలావరకు యురేనియం క్షయం వల్ల వచ్చినదే. యురేనియం-238 సీసం-206గా మారుతుంది. దీని అర్ధాయువు సుమారు 446.8 కోట్ల సంవత్సరాలు. యురేనియం-235 సీసం-207గా మారుతుంది. దీని అర్ధాయువు సుమారు 70.4 కోట్ల సంవత్సరాలు. ఈ రెండు గడియారాలూ ఒకే వయసు చూపితే ఆ వయసును నమ్మవచ్చు. 1956లో జార్జ్ వెదరిల్ ఈ పోలికను రేఖాచిత్రంగా చూపారు.

అయితే చాలా రేణువుల్లో రెండు వయసులూ కలవలేదు. ఎందుకు? క్షయం నుంచి వెలువడే వికిరణం స్ఫటికాన్నే లోలోపల దెబ్బతీస్తుంది. ఆ భాగాల నుంచి సీసం జారిపోతుంది. అప్పుడు రాయి అసలు వయసుకన్నా చిన్నదిగా కనిపిస్తుంది.

2. శుద్ధి చేసే ప్రయత్నాలు

పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, శుభ్రం చేశాకే సన్న నూలు వడుకుతారు. జిర్కాన్‌కూ అలాంటి శుద్ధి అవసరమైంది. 1982లో థామస్ క్రోగ్ గాలి ఒత్తిడితో రేణువుల పైపొరను అరగదీసే పద్ధతిని వివరించారు. కానీ లోపలి దెబ్బ అలాగే మిగిలేది.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం దెబ్బతిన్న భాగాన్ని ముందుగా కరిగిస్తుంది. దీనినే ఆమ్ల నిక్షాళనం అంటారు. కానీ ఇక్కడొక చిక్కు ఉంది. నేరుగా ఆమ్లంలో వేస్తే, కరగకుండా మిగిలిన భాగం నుంచి కూడా సీసం, యురేనియం సమానం కాని పాళ్లలో బయటికి రావచ్చు. అంటే శుద్ధే వయసును మార్చేస్తుంది. 2005లో జేమ్స్ మాటిన్సన్ దీనికి ఉపాయం ప్రచురించారు. ముందు రేణువులను సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండు రోజులకు పైగా వేడిచేస్తారు. స్వల్పంగా దెబ్బతిన్న భాగాలు కుదుటపడతాయి. ఆ తరువాత ఆమ్లంలో బాగా చెడిన భాగమే కరిగి, గట్టి భాగం మిగులుతుంది.

నచ్చని భాగాన్ని తీసేసి నచ్చిన వయసు తెచ్చుకోవడం కాదా ఇది? కాదు. మిగిలిన భాగంలో రెండు గడియారాలూ ఏకీభవిస్తున్నాయా లేదా అన్నదే దీనికి పరీక్ష.

3. ఫలితం, పరిమితి

తెలంగాణ ఉత్తర భాగం దాకా పరచుకున్న దక్కన్ లావాలను చూడండి. 2015లో పశ్చిమ కనుమల నుంచి తీసిన జిర్కాన్‌ను ఈ పద్ధతిలో పరీక్షించారు. ప్రధాన లావా ప్రవాహం, డైనోసార్లు అంతరించిన కాలానికి, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటికి, దాదాపు 2.5 లక్షల సంవత్సరాల ముందే మొదలైందని తేలింది. ఇది అరశాతం కూడా లేని తేడా. అరశాతం సీసం జారిపోయినా, లావా ఆ వినాశనం తరువాత వచ్చినట్లు కనిపించేది. ముందు వెనుకలు తారుమారయ్యేవి.

మన కొండల విషయం వేరు. ఖొండలైట్ ఒకప్పటి అవక్షేపం. దానిలోని జిర్కాన్ రేణువుకు పాత గర్భం, దానిపై సుమారు 100–90 కోట్ల ఏళ్ల క్రితం తీవ్రమైన వేడిలో పెరిగిన పొర ఉండవచ్చు. రెండూ గట్టివే అయితే ఆమ్లం వాటిని విడదీయలేదు. రెంటినీ కలిపి కొలిస్తే ఏ సంఘటనకూ చెందని వయసు వస్తుంది. అందుకే ఇక్కడ అయాన్ పుంజంతో ఒక్కొక్క పొరను విడిగా కొలుస్తారు. ఆమ్లం జారిపోయిన సీసం వల్ల వచ్చే దోషాన్ని తీర్చగలదు గానీ, రెండు కాలాల కలయికను విప్పలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఆమ్లంలో వేసే ముందు జిర్కాన్‌ను ఎందుకు వేడిచేస్తారు? ఖొండలైట్ విషయంలో ఆ పద్ధతి ఒక్కటే ఎందుకు చాలదు?