తోలు మ్యాపు సంచి – చారిత్రక ఆధారంగా పరిశీలన

రెండో ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ సైనిక తోలు మ్యాపు సంచి ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. 1935 నమూనా సంచిలో పెన్సిళ్లకు, స్కేలుకు విడి అరలుంటాయి. అయితే ఆకారం ఒక్కటే చాలదు. యుద్ధానంతరం కూడా ఇలాంటివి తయారయ్యాయి. అందుచేత ముద్రలను పరిశీలించాలి.

తొలి ఏళ్లలో తయారీదారు పేరు, ఊరు, సంవత్సరం తోలుపై అచ్చొత్తేవారు. యుద్ధం ముదిరాక, కర్మాగారాల వివరాలు శత్రువుకు తెలియకుండా, వాటి స్థానంలో 'ఆర్.బి.' అంకెల సంకేతం వచ్చింది. ముద్రలకూ నకిలీలున్నాయి, కాబట్టి ముద్ర, కుట్టు, తోలు అరుగుదల ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చూడండి.

గుర్తుంచుకోండి: ముద్ర సంచి పుట్టుకను చెబుతుంది. దాన్ని ఎవరు మోశారో, అందులోని పటాలతో ఏ ఊళ్ల మీదికి నడిచారో చెప్పదు. అందుకు వేరే ఆధారాలు కావాలి. అవి లేకుండా చెప్పేది చరిత్ర కాదు, కథ.