మసెరాటి 3500 జి.టి.

మసెరాటి 3500 జి.టి. ఇటలీలోని మోడెనా నగరానికి చెందిన మసెరాటి సంస్థ 1957 నుండి 1964 వరకు తయారు చేసిన గ్రాండ్ టూరింగ్ కారు. దూరప్రయాణాలను వేగంగాను, సౌకర్యంగాను చేయడానికి ఉద్దేశించిన శక్తివంతమైన కార్లను గ్రాండ్ టూరింగ్ కార్లు అంటారు. అన్ని రూపాలూ కలిపి ఈ నమూనాలో సుమారు 2,200 కార్లు తయారయ్యాయి. వీటిలో కొన్ని తుప్పు పట్టిన స్థితిలోను, అసలు భాగాలు లోపించిన స్థితిలోను అమ్మకానికి వస్తుంటాయి. అటువంటి కారును కొనేవారు పరిశీలించవలసిన విషయాలు దాని నిర్మాణ విధానంతో ముడిపడి ఉన్నాయి.

చరిత్ర

మసెరాటి మొదట ప్రధానంగా పందెపు కార్ల సంస్థ. 1957లో జువాన్ మాన్యుయెల్ ఫాంజియో ఈ సంస్థకు చెందిన 250ఎఫ్ కారుతో ఫార్ములా వన్ ప్రపంచ విజేతగా నిలిచాడు. ఆర్థిక ఇబ్బందుల కారణంగా అదే సంవత్సరం సంస్థ తన అధికారిక పందెపు జట్టును ఉపసంహరించుకుంది. ఆ తరువాత సంస్థ మనుగడకు రహదారి కార్ల అమ్మకాలే ఆధారమయ్యాయి. 1957 మార్చిలో జెనీవా ప్రదర్శనలో పరిచయమైన 3500 జి.టి. ఈ అవసరాన్ని తీర్చింది. దీని రూపకల్పనకు ప్రధాన ఇంజనీరు జూలియో అల్ఫియెరి నాయకత్వం వహించాడు.

నిర్మాణం

దీనిలో 3,485 ఘన సెంటీమీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజను ఉంది. ఒక్కొక్క సిలిండరుకు రెండేసి చొప్పున మొత్తం 12 స్పార్క్ ప్లగ్గులు ఉంటాయి. మూడు వెబర్ కార్బ్యురేటర్లతో ఇది సుమారు 220 అశ్వశక్తినిచ్చేది. 1961లో వచ్చిన 3500 జి.టి.ఐ. రూపంలో కార్బ్యురేటర్ల స్థానంలో లూకాస్ సంస్థ ఇంధన ఇంజెక్షన్ వ్యవస్థను అమర్చారు.

కూపే కార్లలో అత్యధిక భాగానికి మిలాన్‌లోని టూరింగ్ సంస్థ బాడీ నిర్మించింది. సన్నని ఉక్కు గొట్టాల చట్రంపై అల్యూమినియం రేకులు తొడిగే ఈ పద్ధతిని "సూపర్‌లెజ్జెరా" (అతి తేలిక) అంటారు. పైకప్పు తీయగల స్పైడర్ రూపానికి బాడీని విన్యాలే సంస్థ ప్రధానంగా ఉక్కుతో నిర్మించింది.

కొనుగోలులో పరిశీలించవలసిన అంశాలు

బాడీ: ఉక్కు, అల్యూమినియం ఒకదానికొకటి తగిలిన చోట తేమ చేరితే విద్యుత్ రసాయనిక చర్య జరిగి అల్యూమినియం క్షీణిస్తుంది. లోపలి ఉక్కు గొట్టాలకు కూడా తుప్పు పడుతుంది. ఈ నష్టం పై రంగు కింద చాలాకాలం కనబడకుండా ఉండవచ్చు. రంగు ఉబ్బడం, తలుపుల అంచుల వద్ద రేకు పొడిగా రాలడం దీనికి సూచనలు. ఉక్కు కార్లలో రంగు కింద పూసిన పూతను కనిపెట్టడానికి అయస్కాంతాన్ని వాడతారు. అల్యూమినియానికి అయస్కాంతం అతుక్కోదు కనుక టూరింగ్ కూపే రేకుల విషయంలో ఆ పరీక్ష పనిచేయదు. అల్యూమినియంపై పనిచేసే మందం కొలిచే పరికరం అవసరమవుతుంది. అయితే రేకు ఉండవలసిన చోట అయస్కాంతం అతుక్కుంటే అక్కడ ఉక్కుతో మరమ్మతు జరిగిందని అనుమానించవచ్చు.

ఇంజను: ఇంజను బ్లాకు, హెడ్డు రెండూ అల్యూమినియం మిశ్రమలోహంతో చేసినవి. శీతలీకరణ ద్రవాన్ని సకాలంలో మార్చకుండా వదిలేసిన కార్లలో నీటి మార్గాలు లోపలినుండి తినివేయబడతాయి. ఇంజను నడుస్తున్నంత మాత్రాన అది ఆరోగ్యంగా ఉన్నట్లు కాదు. సిలిండర్ల పీడన పరీక్ష చేయించడం మంచిది.

ఇంజెక్షన్: లూకాస్ వ్యవస్థ సర్దుబాటు కష్టం కావడంతో పలువురు యజమానులు దానిని తీసివేసి వెబర్ కార్బ్యురేటర్లు పెట్టించారు. ఇలా మార్చిన కారు నడపడానికి సులువే గాని అసలు రూపంలో ఉన్నట్లు కాదు. తీసివేసిన భాగాలు కారుతోపాటు వస్తున్నాయో లేదో విక్రేతను అడగాలి.

గుర్తింపు: చాసిస్, ఇంజను సంఖ్యలను పత్రాలతో సరిపోల్చాలి. ఇంజను మారిన కారుకు విలువ తగ్గుతుంది. మసెరాటి సంస్థ 2021లో ప్రారంభించిన "క్లాసికె" విభాగం పాత కార్ల ప్రామాణికతను పరిశీలించి ధ్రువపత్రం ఇస్తుంది.

పునరుద్ధరణ - పరిరక్షణ

తక్కువ ధరకు దొరికిన కారే చివరికి ఎక్కువ ఖర్చుకు కారణం కావచ్చు. అల్యూమినియం రేకులను చేతితో మలచగల పనివారు కొద్దిమందే ఉన్నారు. టూరింగ్ పాత సంస్థ 1966లో మూతపడింది. అందువలన పునరుద్ధరణ వ్యయం పూర్తయిన కారు విలువను మించే సందర్భాలు ఉంటాయి.

మరొక సమస్య చారిత్రకమైనది. చేతితో తయారైన ఈ కార్లలో ఏ రెండూ పూర్తిగా ఒకేలా ఉండవు. పాత రంగును, తోలు సీట్లను తొలగించి కొత్తవి వేస్తే కారు మెరుస్తుంది, కాని నాటి పనితనానికి సాక్ష్యం నశిస్తుంది. ఒకసారి పోయిన ఆ సాక్ష్యాన్ని తిరిగి తేలేము. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన ట్యురిన్ ఛార్టర్ పునరుద్ధరణ కంటే పరిరక్షణకే ప్రాధాన్యమిస్తుంది. చేసిన ప్రతి మార్పునూ నమోదు చేయాలని కూడా అది సూచిస్తుంది. ఈ దృష్టితో చూస్తే, వెలిసిపోయినా అసలు భాగాలు నిలిచి ఉన్న కారు, కొత్తగా మెరిసే కారు కంటే విలువైనది కావచ్చు. చట్రం క్షీణించి ప్రయాణానికి ప్రమాదకరమైనప్పుడు మాత్రం మరమ్మతు తప్పనిసరి.