మందు వికటించినప్పుడు: ఆసుపత్రిలో రోగి కుటుంబం తెలుసుకోవలసినవి

జబ్బు నయం కావడానికి ఇచ్చిన మందే ఒక్కొక్కప్పుడు రోగికి హాని చేస్తుంది. దీనినే మన ఊళ్లలో 'మందు వికటించింది' అంటారు. ఇటువంటి హాని రెండు విధాలుగా కలుగుతుంది. మందు, మోతాదు సరిగానే ఉన్నా శరీరానికి పడకపోవడం మొదటిది. మందు మారిపోవడం, మోతాదు పెరగడం, ఒకదానితో ఒకటి పొసగని మందులు కలవడం వంటి పొరపాట్ల వల్ల కలిగేది రెండవది. మొదటిదానిని ముందుగా ఊహించడం కష్టం. రెండవదానిని చాలావరకు నివారించవచ్చు.

అమెరికాలోని బోస్టన్ నగరంలో రెండు పెద్ద ఆసుపత్రులను పరిశీలించి 1995లో ప్రచురించిన అధ్యయనంలో, కాన్పు కేసులు మినహా ప్రతి 100 చేరికలకు 6.5 చొప్పున ఇటువంటి ఘటనలు బయటపడ్డాయి. వాటిలో 28 శాతం నివారించదగినవేనని తేలింది.

సరిహద్దు కుటుంబాల చిక్కు

కృష్ణగిరి, హోసూరు ప్రాంతాలవారు బెంగళూరుకు, గంజాం జిల్లావారు బరంపురానికో విశాఖపట్నానికో, రాయచూరువారు హైదరాబాదుకు, యానాంవారు కాకినాడకు వైద్యం కోసం వెళ్లడం మామూలే. ఒక రాష్ట్రంలో రాసిన మందులు మరో రాష్ట్రంలోని వైద్యునికి తెలియవు. నర్సు మాట్లాడే భాష ఇంట్లోని పెద్దలకు అర్థం కాకపోవచ్చు.

ఉదాహరణకు, ఒక మధుమేహ రోగి మన ఊరి వైద్యుడు ఇచ్చిన గ్లిమెపిరైడ్ మాత్ర వాడుతున్నాడనుకుందాం. పట్టణంలోని ఆసుపత్రి అదే మందును మరో కంపెనీ పేరుతో, మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఇచ్చింది. అట్టమీది పేర్లు వేరు కావడంతో ఇంటివారు రెండూ వేశారు. రక్తంలో చక్కెర పడిపోయి రోగి స్పృహ తప్పవచ్చు. ఇక్కడ ఏ మందూ చెడ్డది కాదు. రెండు చీటీలను పక్కపక్కన పెట్టి చూసినవారు లేకపోవడమే లోపం.

ఆసుపత్రిలో ఎలా కనిపెడతారు?

కేస్ షీటులో కొన్ని గుర్తులు కనిపిస్తే నిపుణులు వెనక్కి వెళ్లి పరిశీలిస్తారు. రక్తం పలుచబరిచే మందు వాడుతున్నవారికి హఠాత్తుగా విటమిన్ కె ఇవ్వడం, ఇన్సులిన్ తీసుకున్నవారికి గాఢమైన గ్లూకోజు ఎక్కించడం, మత్తు మందుకు విరుగుడుగా నాలోక్సోన్ ఇవ్వడం, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పెరగడం అటువంటివి. హానికి మందే కారణమా అని తేల్చడానికి 1981లో రూపొందిన నరాంజో పట్టికలోని 10 ప్రశ్నలను విరివిగా వాడుతున్నారు.

బంధువులు గమనించవలసినవి

యంత్రాలకంటే ముందు మార్పును పసిగట్టేది రోగి పక్కన కూర్చున్నవారే. ఈ కింది లక్షణాలు కనిపిస్తే వెంటనే నర్సుకు గాని డాక్టరుకు గాని చెప్పాలి.

- ఇంజెక్షన్ తరువాత దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం
- ఒళ్లంతా చెమటలు, వణుకు, మాట తడబడటం
- చిగుళ్లనుంచి రక్తం, నల్లటి విరేచనం
- మూత్రం బాగా తగ్గిపోవడం
- జ్వరంతోపాటు చర్మంపై మచ్చలు, నోటిలో పుండ్లు
- వృద్ధులలో కొత్తగా తికమక, విపరీతమైన మగత

అయితే మందును సొంతంగా మానరాదు. మూర్ఛ మందులను, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లను అకస్మాత్తుగా ఆపితే ప్రాణాపాయం కలగవచ్చు.

నివారణ

రోగి వాడే మందులన్నిటినీ ఒక కాగితంపై రాసి ఉంచాలి. కంపెనీ పేరుతోపాటు అట్టమీద ఉండే జనరిక్ పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు అన్నవి ఇంగ్లీషు అక్షరాలలో రాస్తే ఏ రాష్ట్రంలోనైనా వైద్యుడు చదవగలడు. జనరిక్ పేర్లను స్పష్టంగా, వీలైనంతవరకు పెద్ద అక్షరాలలో రాయాలని భారత వైద్య మండలి 2016లో వైద్యులకు నిబంధన విధించింది. కనుక అర్థం కాని చీటీని మళ్లీ రాయించుకోవడానికి సంకోచించనక్కరలేదు.

గతంలో పడని మందులు, మూత్రపిండాల జబ్బు, గర్భం, నాటు మందులు, ఆయుర్వేద మందుల సంగతి దాచకూడదు. చేరినప్పుడు, వార్డు మారినప్పుడు, ఇంటికి పంపేటప్పుడు ఆ కాగితాన్ని చూపించి, పాతవాటిలో ఏవి మానాలి, ఏవి కొనసాగించాలి అని అడగాలి. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ వంటి మందును వారానికి ఒకసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే అది విషమవుతుంది. అటువంటి మందుకు వారం పేరును కూడా రాయించుకోవాలి.

ఎవరికి తెలియజేయాలి?

కేంద్ర ప్రభుత్వం 2010లో ప్రారంభించిన ఔషధ భద్రతా పర్యవేక్షణ కార్యక్రమాన్ని ఘజియాబాద్‌లోని భారత ఔషధ ప్రమాణాల సంస్థ నిర్వహిస్తున్నది. రోగులు, బంధువులు కూడా 1800-180-3024 ఉచిత ఫోను నంబరుకు తెలియజేయవచ్చు. ఫిర్యాదు పత్రం తెలుగుతోపాటు కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ భాషలలోనూ ఉన్నది. హానికి మందే కారణమని రుజువు చేయనక్కరలేదు, అనుమానం చాలు. నొప్పులకు వాడే మెఫెనమిక్ ఆమ్లం వల్ల అరుదుగా తీవ్రమైన అలెర్జీ రావచ్చని 2023 నవంబరులో ఆ సంస్థ హెచ్చరించింది. ఇలా అందిన నివేదికలను విశ్లేషించిన మీదటే ఆ హెచ్చరిక వెలువడింది.

మందుల కాగితాన్ని రేషన్ కార్డులాగే ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచి, మందు మారిన ప్రతిసారీ తిరగరాయాలి. ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు దానితోపాటు మాత్రల అట్టలను కూడా సంచిలో పెట్టుకోవడం మరువరాదు.