బిలియర్డుకఱ్ఱ చరిత్ర – అలంకారౌచిత్యము



నేడు నేను చెప్పబూనినది రాజుల చరిత్రయు కాదు, రణముల చరిత్రయు కాదు. ఒక ఆటకఱ్ఱ చరిత్ర. పచ్చని ఉన్నిబట్ట పఱచిన బల్లమీద బంతులనుంచి, పొడవైన కఱ్ఱతో పొడిచి ఆడెడు బిలియర్డ్సు ఆటను గూర్చి మీలో కొందఱైనను వినియుందురు. హైదరాబాదు నగరమున 19వ శతాబ్దిలో కట్టిన ఫలక్‌నుమా సౌధమున ఈ యాటకై ప్రత్యేకముగా ఒక గదియే కలదు. అమెరికావారి 'పూల్' ఆటయు, మన దేశమందే 1875వ సంవత్సరమున జబ్బల్‌పూరులోని ఆంగ్లసైన్యాధికారుల నడుమ పుట్టిన 'స్నూకరు' ఆటయు ఆ బిలియర్డ్సు సంతతిలోనివే. ఈ యాటలకన్నిటికిని సాధనమైన కఱ్ఱను 'క్యూ' అందురు.

ఆటకఱ్ఱకు చరిత్ర యేమని మీరడుగవచ్చును. పనిముట్టునకు సొగసు ఎంతవఱకు తగును? ఏది అలంకారము? ఏది ఆడంబరము? ఈ ప్రశ్న నాగలిమేడి చెక్కు వడ్రంగికిని కలదు, పద్యము చెప్పు కవికిని కలదు. 11వ శతాబ్దమున కాశ్మీరదేశీయుడగు క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని సిద్ధాంతము చేసెను. ఆ ఔచిత్యవిచారమును నేడు మనము కావ్యముపై గాక కఱ్ఱపై చేయుదము.

15వ శతాబ్దమున ఫ్రాన్సు రాజైన పదునొకండవ లూయీ కొలువున బిలియర్డ్సు బల్ల యుండెను. ఆ పూర్వకాలమున ఆటగాండ్ర చేతిలో నుండినది నేటి కఱ్ఱ కాదు. కొనయందు వెడల్పైన చెక్కతల గల ఒక గద వంటిది. దానితో బంతిని పొడుచుట కాదు, త్రోయుటయే. బంతి బల్ల యంచున కానుకొని నిలిచినప్పుడు ఆ పెద్దతల బంతిని సరిగా అందుకొనలేకపోయెడిది. అపుడు ఆటగాండ్రు గదను త్రిప్పి పట్టుకొని, దాని సన్నని తోకతో బంతిని కొట్టసాగిరి. ఫ్రెంచి భాషలో 'క్యూ' అనగా తోక. అవసరమునకై తిరుగబడిన ఆ తోకయే కాలక్రమమున తలయై కూర్చుండెను; అసలు తల మాయమైపోయెను. చూచితిరా! ఈ కఱ్ఱ కథ యంతయు దాని పేరునందే దాగియున్నది.

అయినను ఉత్త చెక్కకొన బంతిపై జాఱెడిది. బంతిని నట్టనడుమ కొట్టవలసినదే గాని, ప్రక్కగా కొట్టి గిరగిర త్రిప్పుటకు వీలు తక్కువ. ఫ్రెంచి సైన్యమున కప్తానుగా నుండిన ఫ్రాన్స్వా మింగో అనువాడు రాజకీయఖైదీగా పారిసులో నుండిన కాలమున, కఱ్ఱకొనకు తోలుబిళ్ళ నంటించు పద్ధతిని పరిపూర్ణము చేసి, 1807 ప్రాంతమున చెఱనుండి వెలువడెను. ఆంగ్లదేశమునందలి బాత్ నగరవాసి జాక్ కార్ ఆ కొనకు సుద్ద పూసి బంతిని వంకరలు తిరుగజేయు విద్యను ప్రదర్శించి, ఆ సుద్దపొడిని అమ్ముకొనెను. 1829 నాటికి రెండు తునుకలుగా విడదీయదగిన కఱ్ఱయు వచ్చెను. ఇంతవఱకు ఈ కఱ్ఱకు కలిగిన ప్రతి మార్పును పనికొఱకు కలిగినదే. సొగసుకొఱకు కలిగినది ఒక్కటియు లేదు.

ఇక సొగసు ఎట్లు పుట్టినదో వినుడు. క్యూ కొనవైపు సన్నముగాను, మొదటివైపు లావుగాను ఉండును. కొనవైపున తేలికయై, నిలువుపోగు చక్కగా సాగిన మ్రాను కావలెను. అందులకై అమెరికావారు మేపిల్ అను మ్రానును, ఆంగ్లేయులు ఎక్కువగా ఆష్ అను మ్రానును వాడుదురు. మొదటివైపున చేతికి బరువు తెలియవలెను; అందులకై నల్లచేవ గల ఎబొనీయో, ఎఱ్ఱని రోజువుడ్డో కావలెను. ఎబొనీ యనిన మనకు పరాయిది కాదు. మన యడవులలో బీడీల కాకునిచ్చు తునికిచెట్టు ఆ జాతిలోనిదే. ఆంగ్లేయులు దానికి మన సముద్రతీరము పేరిట 'కోరమాండల్ ఎబొనీ' యని పేరిడిరి.

ఈ తేలికమ్రానును బరువుమ్రానును కలుపుటెట్లు? అడ్డముగా కోసి అంటించినచో ఆ యతుకు బలహీనము, దెబ్బదెబ్బకును వదలజూచును. కావున పనివాండ్రు నల్లమ్రాను కొనను పొడవాటి మొనలుగా చెక్కి, మేపిల్ దుంగయందు వానికి సరిపడు చీలికలు తీసి, ఒకదానిలో నొకటి చొప్పించి జిగురుతో బిగించిరి. మన రెండుచేతుల వ్రేళ్ళను ఒకదాని సందున ఒకటి జొనిపి పట్టుకొన్నచో ఎంత గట్టిగా నిలుచునో ఈ యతుకును అట్లే నిలుచును. అట్లు బిగించిన దుంగను తరిమెన పట్టి గుండ్రముగా చేసినప్పుడు, తెల్లని మేనిపై నాలుగు నల్లని శూలములు మొలచినట్లు కనబడెను. ఎవరును బొమ్మ గీయలేదు, రంగు పూయలేదు. బలమునకై చేసిన అతుకే సొగసై వెలసెను. బొబ్బిలి వీణను పనసమ్రాను ఒక్క దుంగనుండియే తొలుతురు. అతుకు లేకపోవుటయే దాని గొప్ప. క్యూకు అతుకుండుటయే గొప్ప. ఔచిత్యమనగా నిదియే కదా!

ఈ మొనల విషయముననే దేశభేదముచే రుచిభేదమును కలదు. ఆంగ్లేయుల స్నూకరు కఱ్ఱలలో పనివాడు చేతిచిత్రికతో ఎబొనీ చెక్కలను ఆష్ కఱ్ఱపై నలుదిక్కుల అతికించును. చేతిపనియందు ఆ మొనలు వంపుతిరిగి, గోపురద్వారముల పైకమానుల వలె ముగియును. యంత్రముచే కోసినచో సూదికొనల వలె ముగియును. కావున అక్కడి రసికులు వంపుమొనను చూచి చేతిపనియని మెచ్చుదురు. ఆష్ మ్రాను పోగులు కఱ్ఱపొడవున బాణపుములుకుల వలె వరుసగా తీర్చియుండుటయు వారికి ప్రీతి. అమెరికావారి కట్లు కాదు. వారికి మొన వాడిగా నుండవలెను, నాలుగును ఒక్క యెత్తునకు రావలెను, మొనచుట్టును ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ మొదలగు రంగుల పల్చని చెక్కపొరలు గీతలు గీచినట్లుండవలెను. మఱికొందఱు మొనలే వలదని, ఒక్క చక్కని దారువు యొక్క సహజమైన పోగునే చూచి ఆనందింతురు. అట్టి కఱ్ఱకు 'మెర్రీ విడో' అని పేరు. ఇందు ఎవరి రుచి వారిది.

అమెరికాలో ఈ విద్యకు వన్నె తెచ్చినవారిలో జార్జి బలబూష్క మిక్కిలి ప్రసిద్ధుడు. ఇతడు 1912లో రష్యాలో పుట్టి, 1924లో కుటుంబముతో అమెరికా చేరి, కొయ్యపనిలో చేయి తీర్చుకొని, న్యూయార్కునందలి బ్రూక్లినులో నివసించెను. 1959లో స్నేహితులకు కానుకలుగా క్యూలు చేయ మొదలిడి, 1975లో మరణించు వఱకును అదే వృత్తిగా సాగించెను. తొలుత ఇతడు బ్రన్స్విక్ కంపెనీవారి 'టైటిలిస్టు' అను సాదాకఱ్ఱల మొదళ్ళను తీసికొని, వానినే సవరించి నూతన క్యూలుగా తీర్చెను. తరువాత బర్టన్ స్పెయిన్, గస్ జాంబోటీ అను తోటి పనివారు అతికి యిచ్చిన మొదళ్ళను వాడెను. పిడికి అవిసెనార దారపు చుట్టు, నాలుగు మొనలు, అక్కడక్కడ ముత్యపుచిప్ప చుక్కలు, ఇంతే ఇతని ఆడంబరము. అయినను వయొలీనులు చేసిన ఇటలీవాడగు స్ట్రాడివేరియస్‌తో ఇతనిని పోల్చుదురు. 1986లో వచ్చిన 'ది కలర్ ఆఫ్ మనీ' అను చలనచిత్రమున బలబూష్క క్యూ యని చూపబడినది నిజమునకు జాస్ కంపెనీవారు ఆ పోలికతో చేసినదే. నకలునకే అంత కీర్తి వచ్చినప్పుడు అసలుదాని మాట చెప్పనేల?

సొగసునకు వెల పెరిగిన కొలది ఆడంబరమును పెరిగెను. ఒకప్పుడు బంతులును, కఱ్ఱకొన నుండు పొన్నులును ఏనుగుదంతముతో చేసెడివారు. ఈ యాటకై ఎన్ని యేనుగులు కూలినవో! దంతము కొఱవడునను భయముతో అమెరికాలో ఒక వర్తకసంఘమువారు దానికి బదులు వస్తువు కనిపెట్టినవారికి 10,000 డాలర్లు ఇత్తుమని ప్రకటించిరి; ఆ యత్నమునందే 1869లో జాన్ వెస్లీ హయట్ చేతిలో సెల్యులాయిడ్ రూపొందెను. క్యూలపై పొదుగుటకు మాత్రము దంతపు వాడుక ఇంకను చాలకాలము సాగెను. 1989లో దేశములన్నియు కూడి ఆఫ్రికాదేశపు దంతము యొక్క అంతర్జాతీయ వ్యాపారమును నిషేధించుటకు నిశ్చయించినవి. 2016లో అమెరికా తన దేశమునందును ఆ వ్యాపారమును దాదాపు పూర్తిగా మాన్పించెను. ఒక ప్రాణి ప్రాణముతో కొనవలసిన సొగసు పనిముట్టునకు తగదని లోకము ఆలస్యముగానైనను గ్రహించెను.

రెండవ దోషము ఇంతకంటె చిన్నది గాని, నిత్యము మన కంటబడునట్టిది. చౌకకఱ్ఱలపై నేడు అతుకే లేకుండ మొనల బొమ్మను అచ్చొత్తి అంటించుచున్నారు. చూచుటకు నాలుగు శూలములును ఉన్నవి. లోపల ఏ శూలమును లేదు. భావము లేని పద్యమునకు ప్రాస కుదిర్చినట్టిదే ఈ పని. ఇట్టిది అలంకారము కాదు, అబద్ధము.

అట్లని సాదాతనమెల్ల సత్యమని భ్రమపడరాదు. 'స్నీకీ పీట్' అను ఒకజాతి క్యూ కలదు. చూపులకు అది ఆటశాలలో వచ్చినవారి కెల్ల వాడుకకై గోడవార నుంచెడు సామాన్యపు కఱ్ఱ వలె నుండును. నడుమ విప్పదగిన మర యున్నట్లు పైకి తెలియనీయరు. పందెములాడి బ్రదుకు నేర్పరులు తమ నేర్పు నెదుటివాడు కనిపెట్టకుండ ఇట్టిదానిని చేబట్టెడివారు. ఇక్కడ నిరాడంబరతయే వేషము. కాషాయము కట్టినవారందఱు సన్న్యాసులు కారు గదా! కాని నేడు చాలమంది దాని గట్టి యతుకును, తక్కువ వెలను మెచ్చియే కొందురు. వారియందు దోషము లేదు.

అమెరికాలో ఉద్యోగము చేయుచున్న నా పూర్వశిష్యు డొకడు సెలవులకు వచ్చినప్పుడు తాను ప్రత్యేకముగా చేయించుకొన్న క్యూను నా చేతికిచ్చెను. నాలుగు నల్లని మొనలు, నారదారపు పిడి. వేఱొక పొదుగు లేదు. మేపిల్ మేనిపై ఎబొనీ మొన చేరిన చోట గోటితో రాచి చూచితిని. అతుకు గోటికి తగులలేదు. "దీనిని చేసినవాడు నిన్ను మొదట ఏమి అడిగెనురా?" అంటిని. "నగిషీల మాట చివరకు గాని యెత్తలేదండి, మాస్టరుగారూ. నా చేయి ఎంత పెద్దది, ఎట్లు పట్టుదును, ఎంత బరువు ఇష్టము అని మొదట అడిగినాడు" అనెను. ఆ పనివాని పేరు నేనెఱుగను గాని, ఔచిత్యమెఱిగినవాడని మాత్రము ఎఱుగుదును.

నా రుచిని అడిగినచో ఇంతియే చెప్పుదును. మొనలు నిజమైన అతుకులై యుండవలెను. పొదుగు ఉన్నచో పోగునకు లోబడి యుండవలెను. చేయి పట్టుచోట చేతికి హితమైనదే కంటికిని హితము కావలెను. రంగుపొరలు వలదనను, పండుగనాడు ఎద్దుకొమ్ములకు రంగు పూయమా? కాని కొమ్ములు లేని యెద్దునకు కాగితపు కొమ్ములు కట్టము.

మీ గ్రామములందును వడ్రంగులున్నారు. మీ యిండ్లలో తలుపులు, మంచములు, పీటలు చేయించుచుందురు. ఇకమీదట నగిషీని చూచుటకు ముందు అతుకును చూడుడు. అతుకు చూచి మెచ్చువా రున్నంత కాలము అతుకు తెలిసిన పనివారు నిలుతురు. మెచ్చువారు లేనినాడు అచ్చుబొమ్మలే మిగులును. సెలవు.