ఓడ ప్రయాణానికి పెట్టె సర్దుకోవడం: కొన్ని పాత సంగతులు

ఉద్యోగ విరమణ తర్వాత ఓడ విహారానికి వెళ్లివచ్చే దంపతులు మన సంఘంలోనూ కనిపిస్తున్నారు. ఈసారి మా వంతు వచ్చింది. కాశీకి, రామేశ్వరానికి హోల్డాలు కట్టిన చేతులే అయినా ఓడకు ఏం సర్దాలో మా ఇద్దరికీ పాలుపోలేదు. పిల్లలు ఒక జాబితా, వెళ్లొచ్చిన మిత్రులు ఇంకో జాబితా ఇచ్చారు. రెంటికీ పొంతన లేదు. ఆ గందరగోళంలోనే, పూర్వం పెద్దవాళ్లు ఓడెక్కేటప్పుడు ఏం పట్టుకెళ్లారో చూద్దామని పాత పుస్తకాలు తిరగేశాను. తెలిసిన సంగతులు ఈ ప్రత్యేక సంచికకు రాస్తున్నాను.

వ్యాపారానికో వలసకో కాక, కేవలం చూసి రావడానికే జనం కలిసి బయలుదేరిన తొలినాటి ఓడయాత్రల్లో పేరుపడింది ‘క్వేకర్ సిటీ’ యాత్ర. 1867 జూన్ 8న ఈ ఆవిరి ఓడ న్యూయార్కు రేవు వదిలింది. వదిలిందన్న మాటే గాని, తుఫాను వల్ల రెండు రోజులు అక్కడే లంగరు వేసి ఉండిపోయింది. మధ్యధరా సముద్రపు రేవులు, పాలస్తీనా పుణ్యక్షేత్రాలు, ఈజిప్టు చూపించి నవంబరు 19న తిరిగి చేర్చింది. (మనవాళ్లయితే లైఫ్ సర్టిఫికెట్ గడువుకు సరిగ్గా అందుకునేవారు!) టిక్కెట్టు 1,250 డాలర్లు. రేవుల్లో దిగినప్పటి ఖర్చులకు రోజుకు 5 డాలర్ల లెక్కన బంగారం దగ్గర ఉంచుకోమన్నారు.

ఆ ఓడలో మార్క్ ట్వెయిన్ ఉన్నాడు. అప్పటికి ఆయనకు 31 ఏళ్లు. ఒక పత్రిక ఛార్జీలు కట్టి పంపింది. తోటి ప్రయాణికుల్లో ముప్పాతిక మంది నలభైకీ డెబ్బైకీ మధ్య వయసు వాళ్లేనని లెక్క తేల్చి, వాళ్ల పెద్దరికాన్నీ ప్రార్థనలనూ తెగ ఎగతాళి చేశాడు. తిరిగొచ్చాక ఈ విహారాన్ని ఏకంగా అంతిమయాత్రతో పోల్చాడు.

నిర్వాహకులు తెచ్చుకోమన్న వస్తువుల జాబితాను కూడా ఆయన తన పుస్తకంలో రాశాడు. ఓడలో కాలక్షేపానికి చిన్నపాటి సంగీత వాద్యాలు, సిరియాలో స్వారీకి జీనులు, ఈజిప్టు ఎండకూ దుమ్ముకూ ఆకుపచ్చ కళ్లద్దాలు, గొడుగులు, ముసుగులు, మోటు ప్రయాణానికి గట్టి బట్టలు, బైబిలు, యాత్రా గ్రంథాలు. అరవై దాటిన మనిషి జీను మోసుకుంటూ ఓడెక్కడం ఊహించుకోండి! ఇంతా చేసి మందుల ఊసు అందులో లేదు. ఓడలో అనుభవం గల డాక్టరు ఉంటాడన్నారు, నిజమే. కాని ఒడ్డున దిగి గుర్రాల మీద రోజుల తరబడి వెళ్లేవాళ్లకు ఓడలోని డాక్టరు ఏ పాటి ఆసరా? డమాస్కసులో ట్వెయిన్‌కే వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఒక పగలూ రాత్రీ మంచాన పడ్డాడు. పాస్‌పోర్టు కూడా పోగొట్టుకుని, స్నేహితుడిది పట్టుకుని రష్యా రేవులో దిగి, ఎప్పుడు దొరికిపోతానోనని బిక్కుబిక్కుమన్నాడు.

నాకు బాగా నచ్చిన ఘట్టం బేరూతులోది. ఎనిమిది మంది కలిసి సిరియా లోపలికి బయలుదేరారు. కష్టాలు తప్పవనుకుని ట్వెయిన్ దుప్పటి, శాలువా, రెండు మూడు ఉన్ని చొక్కాలు, పొగాకు, ఒక తువ్వాలు, సబ్బు కట్టుకున్నాడు. తీరా విడిదికి చేరేసరికి పరుపులు, తివాచీలు, ఇత్తడి కొవ్వొత్తి స్తంభాలు సిద్ధంగా ఉన్నాయి. ఆ ఎనిమిది మంది కోసం 19 మంది పనివాళ్లు, 26 కంచరగాడిదలు! ఇక ఆ సబ్బుబిళ్ల ఎందుకు?

తర్వాత కాలంలో బ్రిటిష్ ఓడలవాళ్లు పెట్టెల మీద చీటీలు అంటించే పద్ధతి పెట్టారు. గదిలోకి వెళ్లేది, ప్రయాణంలో కావలసినది, ప్రయాణంలో అక్కరలేనిది అని మూడు రకాలు. అక్కరలేనిది ఓడ అడుగుకు పోతుంది, మళ్లీ రేవు చేరేదాకా కంటబడదు. బెర్తు కిందికి తోసేందుకు వీలుగా ఎత్తు తక్కువ ట్రంకులు పుట్టుకొచ్చింది కూడా ఓడల కోసమే.

పెట్టె చేతిలో లేకపోతే ఎలా ఉంటుందో గాంధీగారు ఆత్మకథలో చెప్పారు. 1888 సెప్టెంబరులో చదువుకు ఇంగ్లండు వెళ్తూ, దిగేటప్పుడు వేసుకుందామని తెల్ల ఫ్లానెల్ సూటు దాచుకున్నారు. దిగి చూస్తే, సెప్టెంబరు చివరి చలిలో తెల్లబట్టలు కట్టింది తానొక్కరే! మార్చుకుందామంటే సామానంతా తాళంచెవులతో సహా ఏజెంటుకు అప్పగించేశారు. ఆ రోజు శనివారం, మర్నాడు సెలవు. సోమవారందాకా అదే సూటు.

నేటి విహార నౌకల్లోనూ ఇది మారలేదు. రేవులో చీటీ కట్టి ఇచ్చిన పెద్ద పెట్టె కేబిన్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి గంటలు పట్టవచ్చు. అందుకే బి.పి., షుగరు మాత్రలు, డాక్టరు చీటీ, పాస్‌పోర్టు, రెండో కళ్లజోడు, ఒక జత బట్టలు మా చేతిసంచిలోకి వచ్చాయి. ఆవకాయ సంగతి ఇంకా తేలలేదు.

ముసలివాళ్లను చూసి నవ్విన ట్వెయిన్‌కూ ఆ వయసు వచ్చింది. పెట్టుబడులు పెట్టి దివాలా తీసి, అప్పులు తీర్చడానికి 1895లో భార్యతో, రెండో కూతురితో ప్రపంచమంతా ఉపన్యాసయాత్రకు బయలుదేరాడు. కురుపులు లేచి బాధపడుతూనే పసిఫిక్ దాటాడు. 1896 జనవరిలో బొంబాయిలో దిగేటప్పటికి అరవై నిండాయి, పైగా దగ్గు. మార్చి చివర కలకత్తాలో ఓడెక్కి, మద్రాసులో ఒక రోజు ఆగి, సింహళం మీదుగా మారిషస్ వెళ్లాడు. జూలై ఆఖరుకు ఇంగ్లండు చేరాడు. అమెరికాలో ఉండిపోయిన పెద్ద కూతురు సూజీకి జబ్బుగా ఉందని తెలిసి తల్లి, చెల్లెలు వెంటనే ఓడెక్కారు. వాళ్లింకా నడిసముద్రంలో ఉండగానే, ఆగస్టు 18న ఆ పిల్ల పోయింది.

అది చదివి వినిపించాక మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి కాగితం తెచ్చి ఓడ పేరు, కేబిన్ నంబరు, ఏ తేదీన ఏ రేవులో ఉంటామో, ఓడ కంపెనీ ఫోను నంబరు రాయించింది. ఒడ్డు వదిలాక మన సెల్‌ఫోన్లకు మామూలు సిగ్నలు అందకపోవచ్చు కదా. ఒక కాపీ అబ్బాయికి పంపాం, ఇంకొకటి పక్కింటివాళ్లకు ఇచ్చాం.